మజిలీ లేని ప్రయాణము

మన తెలుగున “మజిలీ” యను మాట యొకటి కలదు. అరబ్బీ భాషయందలి “మంజిల్” దీనికి మూలము. దండులతోను, బిడారులతోను దక్షిణమునకు వచ్చి మన నోట మెత్తబడిన మాట ఇది. ఒక దినపు నడకయు మజిలీయే. ఆ నడక ముగిసి మూట దింపిన చోటును మజిలీయే. మా చిన్ననాట ఊత్తంగరైలో పెద్దలు తిరుపతి యెంత దూరమని అడుగరు, ఎన్ని మజిలీలని అడిగెడివారు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి “కాశీమజిలీ కథలు” మన యిండ్లలో చదువని వారుండరు. కాశికి పోవు మణిసిద్ధుడు తన వెంట వచ్చిన గోపబాలునకు మజిలీకొక కథ చెప్పును. మజిలీ లేనిచో ఆ కథలే లేవు.

ఈ నడుమ మన బిడ్డలు బెంగుళూరున విమానమెక్కి, నడుమ ఎక్కడను కాలు మోపక, పదునారు పదునేడు గంటలలో అమెరికా పడమటి తీరమున దిగెడివారు. వారి వెంట మనమును, కాన్పులకని, గృహప్రవేశములకని, ముదిమిలో ఆ ప్రయాణము చేసితిమి. మజిలీలు ఒక్కటొక్కటిగ ఎట్లు తొలగిపోయినవో, తొలగుటచే మనకేమి లభించెనో, ఏమి పోయెనో చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

వీరాస్వామయ్యగారి బాట

ఏనుగుల వీరాస్వామయ్యగారు మనవలెనే తమిళదేశమున నిలిచిన తెలుగువారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ ఉద్యోగము చేసిరి. వారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశిని సేవించి, గయ, కలకత్తా, పూరీ చూచుకొని, సముద్రతీరపు బాటను 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసముల పదునైదు దినముల ప్రయాణము. పల్లకీ బోయలు, వంటవారు, బంధువులు కలిసి సుమారు నూరుగురు వెంట నడిచిరి. త్రోవలో చూచినదెల్ల మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాయుచు వచ్చిరి. ఆ వ్రాతలే “కాశీయాత్ర చరిత్ర” యను పేర 1838లో అచ్చుపడినవి.

కచేరీలో పద్దులు వ్రాసి ఆయుర్దాయము గడిపిన గుమాస్తాను గనుక, ఆ గ్రంథము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. ఏ ఊర నీరు మంచిది, ఎచ్చట అంగళ్లున్నవి, ఎచ్చట దిగుటకు తావు కలదు, ఏ నది దాటుట కష్టము అను విషయములు లెక్కపుస్తకమువలె అందున్నవి. ఒక విషయము గమనింపదగినది. మజిలీలుండుటచే ఆయన కాశివరకు కావలసిన బియ్యమును చెన్నపట్టణమునుండియే మోసికొనిపోలేదు. నీరు మారెను, ఎండ మారెను, భాష మారెను. కాని కొంచెము కొంచెముగా మారెను. ప్రయాణపు బరువులో సగమును మజిలీలే మోసినవి.

మన పూర్వులు ఈ బారామహలు సీమకు వచ్చినదియు అట్లే. విజయనగర రాజుల కాలమునను, పిమ్మటను, తెలుగు కుటుంబములు ఉత్తరమునుండి మజిలీ మజిలీగా దిగి, నీరున్న చోట నిలిచినవి. పెన్నేటి ఒడ్డున ఒకరు, పాంబారు ఒడ్డున మరియొకరు మూట దింపిరి. కొందరికి మజిలీయే ఊరైనది. ఊత్తంగరైలో మనముండుటకు కారణమింతే.

ఓడల నాడు

నేలమీద నడిచినవారికి మజిలీ యుండెను. కడలి దాటినవారికది యరుదు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి తెలుగువారు బర్మాకును, మారిషసునకును పోయిరి. అందువలననే బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపట్టణము విడిచిన ట్రూరో యను ఓడ, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని దర్బను చేరెను. చెరకుతోటల ఒప్పందపు కూలీలుగా అందు పోయిన 342 మందిలో తమిళులతోపాటు తెలుగువారు నుండిరి. ముప్పది యైదు దినములు నీరే తప్ప నేల కనరాని ప్రయాణము. ఆ పోయినవారిలో అనేకులు మరల తమ ఊరు చూడలేదు.

మా తాతగారి తమ్ముడొకరు చెన్నపట్టణమున పొగయోడ నెక్కి రంగూనునకు పోయి, అక్కడ ఒక వర్తకునియొద్ద లెక్కలు వ్రాయుచుండెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలకొలది భారతీయులు అడవులలోను, కొండలలోను నడిచి అస్సామునకును, చిట్టగాంగు వైపునకును తరలిరి. త్రోవలో ఆకలిచేతను, జ్వరములచేతను పడిపోయినవారు అసంఖ్యాకులు. మా చిన్నతాతగారు బయలుదేరిరని ఒక ఉత్తరము వచ్చినది. చేరినట్లు మరియొక ఉత్తరము రాలేదు. మరణతిథి తెలియదు గనుక మా ఇంట ఆయనకు మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుచుచున్నాము. తిథి లేని మరణము ఇంటివారికెట్టి వెలితియో, అట్టి కుటుంబములవారికే తెలియును. ఈ సంగతి నిచ్చట చెప్పుటకు గల కారణము ముందు తెలియగలదు.

ఆకాశమున మజిలీలు

విమానములు వచ్చిన తొలినాళ్లలో అవియు నడచువానివలెనే మజిలీలు చేసినవి. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు చిన్న విమానమున తపాలా మూటలతో కరాచీనుండి బొంబాయికి వచ్చిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు ఆ మూటలను చెన్నపట్టణమునకు చేర్చెను. నడుమ దిగిన మజిలీ మన బళ్లారి. 1948 జూన్ 8వ తేదీన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి “మలబార్ ప్రిన్సెస్” 35 మంది ప్రయాణికులతో బొంబాయినుండి లండనునకు బయలుదేరి, కైరోలోను, జెనీవాలోను దిగి పోయినది. 1960 మే మాసమున ఆ సంస్థ బోయింగు 707 విమానములతో లండను మీదుగా న్యూయార్కునకు రాకపోకలు ప్రారంభించినది.

మజిలీ లేక ఎగిరిన సాహసికులు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధమున సింగపూరు జపానువారి వశమైన పిదప, ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును విమానమార్గము తెగిపోయినది. దానిని కలుపుటకై క్వాంటాస్ సంస్థ 1943 మొదలు 1945 వరకు పెర్తునుండి మన పొరుగున సింహళమందలి కొగ్గల సరస్సువరకు కెటలీనా యను నీటివిమానములను నడిపినది. అవి మెల్లగా పోవునవి. ఒక్కొక్క ప్రయాణమునకు 27 మొదలు 33 గంటలు పట్టెను. శత్రువులకు తెలియకుండుటకై రేడియో మూసి, నక్షత్రములను చూచి దారి తెలిసికొనిరి. ఇంధనపు బరువుచే ముగ్గురు ప్రయాణికులకు మాత్రమే తావుండెను. ఒక్క ప్రయాణమున రెండు సూర్యోదయములు చూచుటచే వారికి “డబుల్ సన్‌రైజ్” పేర ఒక యోగ్యతాపత్రము నిచ్చెడివారు. ఇట్లు 271 పర్యాయములు సముద్రము దాటిరి. కాలమును బట్టి చూచినచో నేటి విమానములకంటె వారే ఎక్కువసేపు ఆకాశమున నిలిచినవారు.

ఒక్క యెగురు

నేటి ఎడతెగని ప్రయాణమునకు మూలమైన చిక్కు ఒక్కటే: దారి బత్తెమంతయు మొదటి దినముననే మోయవలెను. మజిలీ లేదు గనుక త్రోవలో ఇంధనము దొరకదు. మోసిన ఇంధనమును మోయుటకే మరికొంత ఇంధనము వ్యయమగును. బోయింగు 777-200 ఎల్.ఆర్. అను విమానము నేలవిడుచునపుడు గరిష్ఠముగ 347 టన్నులు తూగును. దాని తొట్లలో సుమారు 1,81,000 లీటర్ల ఇంధనము పట్టును. అనగా బరువులో నూటికి నలుబది పాళ్లు ఇంధనమే. 2005 నవంబరులో ఈ జాతి విమానమొకటి హాంకాంగునుండి తూర్పుగా తిరిగి లండనువరకు 21,602 కిలోమీటర్లు 22 గంటల 42 నిమిషములలో ఎగిరి చూపెను.

సింగపూరు విమానసంస్థ 2004లో న్యూయార్కు చెంతనున్న నెవార్కునకు సూటి విమానమును నడిపి, 2013లో మాని, 2018 అక్టోబరులో తక్కువ ఇంధనముతో పోవు ఎయిర్‌బస్ 350 విమానముతో మరల మొదలిడినది. అందు 161 ఆసనములే. సామాన్య తరగతి లేదు. బరువు తగ్గినగాని దూరము సాగదు. క్వాంటాస్ వారు 2018 మార్చిలో పెర్తునుండి లండనునకు 14,498 కిలోమీటర్ల మార్గమును సుమారు 17 గంటలలో దాటిరి.

మన ప్రాంతమునకు సంబంధించినంతవరకు 2021 జనవరి మాసము మరువరానిది. జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము ఉత్తరధ్రువము మీదుగా ఎగిరి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరున దిగెను. విమానము నడిపినవారు నలుగురును స్త్రీలే: కెప్టెన్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. ఉత్తరముగా ఏల పోవలెనని కొందరడుగుదురు. గుమ్మడికాయపై ఎదురెదురు చుక్కలు రెండు పెట్టి దారము బిగించి చూడుడు. దగ్గరి దారి నడుము చుట్టిరాదు, తొడిమ చెంతనుండి పోవును. ఆ మార్గమున వెలుపలి చలి మిక్కుటము గనుక, ఇంధనము గడ్డకట్టకుండ దాని వేడిమిని కనిపెట్టుచుండవలెను. అత్యవసరముగ దిగుటకు విమానాశ్రయములు అరుదు. ఆ ప్రయాణికులకు జనవరి 10వ తేదీ యనునది దాదాపు లేకుండపోయినది.

అదే నెల 15వ తేదీన హైదరాబాదునుండి చికాగోకు తొలి సూటి విమానము బయలుదేరెను. ఆ దినము కనుమ. కనుమనాడు కాకియైన కదలదని మన సామెత. ఆ కనుమనాడే తెలుగువారు ఒక్క బిగిని సప్తసముద్రములు దాటిరి.

సన్నాహము

2023 ఫిబ్రవరిలో మా కుమార్తె పురిటికని నేనును, నా భార్యయు బెంగుళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు సూటి విమానమున పోయితిమి. మా అనుభవము పోబోవు వారికి కొంత యుపకరింపవచ్చునని వ్రాయుచున్నాను.

మజిలీలు చేసెడి పని మనమే ముందుగా చేసికొనవలెను. ఇది మొదటి సూత్రము. ఒక నెల ముందే దినమునకు రెండు పూటల పాంబారు వైపు నడచుట యలవాటు చేసికొంటిమి. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నవారికి కాలి నరములలో నెత్తురు గడ్డకట్టు అపాయము రెండు మూడింతలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది. అట్టి ప్రయాణికులలో ఆరువేలమందికి ఒక్కరికి మాత్రమే అట్లు సంభవించును గనుక భయపడ నవసరము లేదు. కాని వృద్ధులును, శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుని ముందుగ చూడవలెను. మా డాక్టరుగారు బిగుతు మేజోళ్లు తొడుగుమనిరి. మా అమ్మాయి ఫోనులో, “నాయనా, గంటకొకతూరి లేచి నడువు. అమ్మను గూడా నడిపించు. పక్కనోళ్లు ఏమనుకుంటారో అని మొగమాటపడొద్దు” అని పదేపదే చెప్పినది.

సామాను సంగతి. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు. ఎరువుల అంగడివారి తూనికయంత్రము తెచ్చి మూడుసార్లు తూచితిమి. చింతపండు, రాగిపిండి, వడియములు, ఆవకాయ పెట్టెలలో ఇమిడినవి. ఆవకాయను మూడు పొరల సంచులలో కట్టవలెను. విమానములోనికి చేతితో తీసికొనిపోవు సంచిలో ద్రవపదార్థములు 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలలో నుండరాదు. ఎండుకొబ్బరి తనంత తాను నిప్పంటుకొను వస్తువులలో లెక్కింపబడుచున్నది గనుక దానిని ఇంటనే విడిచితిమి. కృష్ణగిరి మామిడికి పేరుగన్న సీమ. అయినను ఒక్క పండైనను అమెరికా సుంకపువారు లోనికి రానీయరు.

ఒక పొరపాటు నేను చేసితిని. నెత్తురుపోటు మాత్రలను జాగ్రత్తగ పెద్ద పెట్టెలో అడుగున సర్దితిని. ఆ పెట్టె విమానపు కడుపులో చేరినది. మాత్ర వేళకు నాచేత లేదు. నలుబదియేండ్లు కాగితములను వరుసగ నమర్చినవాడనని గర్వించెడి నాకు ఇది తగిన గుణపాఠము. మాత్రలును, వైద్యుని చీటియు చేతిసంచిలోనే యుండవలెను. వేళ విషయము కూడ ముందుగ వైద్యుని అడిగి వ్రాసికొనవలెను. ఏలయన, ఉదయపు మాత్ర ఏ దేశపు ఉదయమున వేయవలెనను సందేహము తప్పక కలుగును.

ముప్పది యేడున్నర గంటల శుక్రవారము

ఊత్తంగరైనుండి తెల్లవారకముందే కారులో బయలుదేరి, కృష్ణగిరి, హోసూరుల మీదుగా దేవనహళ్లి విమానాశ్రయము చేరితిమి. మధ్యాహ్నము విమానము లేచినది. అది శుక్రవారము. నా భార్య శుక్రవారము ఒంటిపూట భోజనము చేయు నియమము గలది. తూర్పుగా పోవుటచే ప్రొద్దు త్వరగ క్రుంకినది, రాత్రి చిన్నదైనది, పసిఫిక్ సముద్రముపై మరల తెల్లవారినది. తెల్లవారినది శనివారమని ఆమె సంతోషించునంతలో, తేదీరేఖ దాటితిమి గనుక మరల శుక్రవారమే యని నేను చెప్పవలసివచ్చినది. ఆ నాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె 13 గంటల 30 నిమిషములు వెనుక. మా శుక్రవారము 37 గంటల 30 నిమిషములు సాగినది! “ఒక్క శుక్రవారానికి ఒక్క పూటే” యని ఆమె పట్టుపట్టినది. కడకు, దేవుడు ఊత్తంగరై పంచాంగమే చూచునని నేను సమాధానము చెప్పగా, పాలును, పండును తీసికొన్నది.

విమానములోని గాలి ఎండుగాలి. మన ఎండకాలపు మధ్యాహ్నముకంటె తేమ తక్కువ. పెదవులు పగులును, గొంతు ఆరును. దాహము లేకున్నను నీరు త్రాగుచుండవలెను. లోపలి గాలియొత్తిడి ఆరు మొదలు ఎనిమిదివేల అడుగుల ఎత్తున కొండమీద కూర్చున్నట్లుండును. అందుచే కడుపు బిగియును. కదలక కూర్చుండుటచే పాదములు ఉబ్బును. నా భార్య విప్పిన చెప్పులు దిగునప్పుడు మరల ఎక్కలేదు. వదులైన పాదరక్షలు మేలు. మేము గంటకొకసారి వెనుకకు పోయి వచ్చితిమి. అక్కడ మావంటి వృద్ధులే గుంపుగూడి నిలిచియుండిరి. అనంతపురపు దంపతులు, కోలారు మాస్టారు ఒకరు, గుంటూరి అవ్వ ఒకరు. అందరును కాన్పులకే. నలుబదివేల అడుగుల చెంత, వంటగది పక్కన, పురిటి పథ్యము గురించి తెలుగున చర్చ జరిగినది. ఆ సన్నని సందే మాకు మజిలీ యైనది.

నిద్ర విషయమున ఒక మాట. క్వాంటాస్ వారు 2019 అక్టోబరులో న్యూయార్కునుండి సిడ్నీకి 19 గంటల 16 నిమిషములు ఎగిరి, ప్రయాణికుల నిద్రను, ఆహారమును పరీక్షించిరి. ఎక్కినతోడనే చేరబోవు ఊరి వేళను పాటించుట, మెలకువగ నుండవలసినప్పుడు దీపములార్పక కారముగల ఆహారము పెట్టుట, నిద్రవేళకు మెత్తని భోజనము పెట్టుట అందలి పద్ధతి. కారము మెలకువ నిచ్చునని ఆంధ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఎంత చేసినను, దేహములోని గడియారము దినమునకు సుమారు ఒక గంట మాత్రమే సర్దుకొనును. పది దినములు మాకు నడురాత్రి ఆకలియు, నడిపగలు నిద్రయు పట్టినవి. అప్పుడు వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చిరి. పల్లకీ వేగమునకు దేహము వెనుకబడదు. మేము చేరితిమి, మా ప్రాణములు పది దినములకు గాని చేరలేదు.

తిరుగు ప్రయాణము

పాప పుట్టి నెల నిండిన పిదప, ఏప్రిలులో, నన్ను పెంచిన మా పెద్దక్కయ్యకు ఊత్తంగరైలో జబ్బు ముదిరినదని ఫోను వచ్చినది. దొరికిన సూటి విమానమున నేనొక్కడనే బయలుదేరితిని. పదునేడు గంటలు కన్ను మూయలేదు. బెంగుళూరున దిగునప్పటికి ఇంకను తెల్లవారలేదు. హోసూరు దాటునప్పటికి తూర్పు తెల్లబడినది. కాఫీవేళకు అక్కయ్య మంచముచెంత నుంటిని.

ఆమె కన్ను తెరచి చూచి, “ఎప్పుడు బయలుదేరినావురా?” అని యడిగినది. “మొన్న రాత్రి అక్కా” అంటిని. “మొన్న బయలుదేరి ఈ పొద్దు వచ్చినావా! మద్రాసుకు పోయి వచ్చినట్లు చెప్తావే” అని నవ్వినది. పిదప కొంతసేపటికి, “చిన్నతాత గూడా ఇట్లా వచ్చుంటే అవ్వ ఏడ్చేది గాదు” అన్నది. ఆమె మరి నాలుగు దినములు బ్రతికినది. నీరు నా చేతితో పోసితిని. తిథియు, వారమును, ఘడియలును మాకు తెలియును.

ఈ ఒక్క కారణముచేత మజిలీ లేని ప్రయాణమును నేను నిందింపజాలను. నేను పోవునపుడును, వచ్చునపుడును ఎన్ని దేశములు దాటితినో, వాటిలో ఒక్క బావి నీటి రుచియు నాకు తెలియదు. వీరాస్వామయ్యగారికి తెలిసినదానిలో శతాంశమును నేను గ్రహింపలేదు. కాని అక్కయ్యను చూచితిని.

మజిలీ మరల వచ్చుట

అయినను ఈ మార్గములను శాశ్వతములని నమ్మరాదు. తిరుపత్తూరునుండి కృష్ణగిరికి 1905లో చిన్న రైలు వచ్చినది, పిమ్మట మూతపడినది. ఆకాశమార్గములును అంతే. హైదరాబాదు–చికాగో సూటి విమానము కొంతకాలమునకే నిలిచిపోయినది. 2022లో ఉక్రెయిను యుద్ధముతో రష్యా ఆకాశము అమెరికా విమానములకు మూతపడగా, ఒక అమెరికా సంస్థ తలపెట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగుళూరు మార్గము ప్రారంభమే కాలేదు. 2025 ఏప్రిలులో పాకిస్థాను తన ఆకాశమును మన విమానములకు మూయగా, ఢిల్లీనుండి అమెరికాకు పోవు కొన్ని విమానములు వియన్నాలోను, కోపెన్‌హేగనులోను దిగి ఇంధనము నింపుకొనవలసివచ్చినది. వీరాస్వామయ్యగారు త్రోవలో సంస్థానాధిపతుల అనుమతులు పొందినట్లే, నేటి విమానములును ప్రభువుల యిచ్ఛకు లోబడియే ఎగురుచున్నవి. తెగిపోయినదనుకొన్న మజిలీ మరల వచ్చినది.

కడపటి మాట యొకటి. మజిలీలతో వచ్చిన మన పూర్వులకు తిరిగిపోవుట సాధ్యము కాలేదు. తమ మాటను తామే కాపాడుకొనకున్నచో మరల తెచ్చియిచ్చువారు లేరని వారెరుగుదురు. అందుచేతనే చుట్టును వేరొక భాష వినబడుచున్నను, ఇన్ని వందలయేండ్లు ఇంటిలో తెలుగు నిలిచినది. నేటి మన బిడ్డలకు దారి దగ్గరైనది. ఎప్పుడైనను రావచ్చునను ధీమా కలిగినది. ఆ ధీమాయే అపాయము. “వచ్చే సెలవులకు నేర్పుదాము” అని వాయిదా వేయుచున్నంతలో మనుమలు పెద్దవారగుచున్నారు. దూరము మన భాషను చంపలేదు; దగ్గరతనము చంపకుండ చూచుకొనవలెను.

కావున పెద్దలకు నా మనవి. మనుమలు విమానము దిగివచ్చినప్పుడు వారిని వారము దినములలో పది ఊళ్లు త్రిప్పి పంపక, ఒక నెలయైన ఇంట నిలుపుడు. పాంబారు గట్టున నడిపించుడు. రాత్రికొక కథ చెప్పుడు. విమానమునకు మజిలీ లేకపోవచ్చును; మన యిల్లే వారికి మజిలీ కావలెను. మణిసిద్ధునికి కాశివరకే కథలు కావలసియుండెను. మనకు అంతకంటె పెద్ద దారి యున్నది.